చెప్పుడు వేరు, పిలుచుడు వేరు

ఆ ఆదివారం పొద్దున అవేజ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ చల్లారేలోపు చౌరస్తాలో ఒక లోపం సరిచేయాలి. తర్వాత స్నానం చేసి, కొత్త కుర్తా తొడుక్కుని, కూతురి దావత్‌కు వచ్చేవాళ్ల ముందు నవ్వు మొహం పెట్టుకుని నిలబడాలి. రెండింట్లో అతనికి కష్టమనిపించింది రెండోదే.

చౌరస్తా అంటే నిర్మల్ బస్టాండు దగ్గరి చౌరస్తా కాదు. వెబ్‌సైట్లు కట్టేవాళ్ల కోసం ముందే చేసిపెట్టిన సామాను. తలుపులు, కిటికీలు, దూలాలు అన్నీ సిద్ధంగా ఉంటాయి, తెచ్చుకుని బిగించుకోవడమే. పైసా ఇవ్వనక్కర్లేదు. లోపలి రాత అంతా అందరి కళ్లముందే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. అయితే దిద్దేవాళ్లు తక్కువ, తిట్టేవాళ్లు ఎక్కువ. డబ్బు పెట్టి కొన్న చెప్పు తెగితే నోరుమూసుకుని కుట్టించుకునే మనిషే, ఊరికే వచ్చిన దాంట్లో ఒక మేకు ఊడితే కొంపలంటుకున్నట్టు అరుస్తాడు. ఆ అరుపులు వినడానికి ప్రపంచం మొత్తం మీద ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్లలో ఒకడు నిర్మల్‌లో మేడమీద గదిలో కూర్చునే అవేజ్, ఇంకొకామె కరీంనగర్‌లో ఉండే క్యాథరిన్. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ, మిగిలిన టైములో ఈ తిట్లు తింటారు.

ఈసారి వచ్చిన ఫిర్యాదు ఇది. నెట్ మెల్లగా ఉన్నప్పుడు మనిషి ఆగలేక బటన్ రెండుసార్లు నొక్కుతాడు, ఒకే మెసేజ్ రెండుసార్లు పోతుంది. నిజంగా లోపమే. కానీ దాని కింద చేరిన జనం మాటేమిటి? "నాకూ అంతే." "నాకూ అంతే." "ఇంకా కాలేదా?" "ఇంకా కాలేదా?" అవేజ్‌కు ఒకే మాట రెండోసారి వింటే ఒళ్లు మండుతుంది. చిన్నప్పటినుంచీ అంతే. తల్లి ఖుద్సియా "అన్నం తిను" అని రెండోసారి అంటే కంచం ముందునుంచి లేచిపోయేవాడు. "చెవులున్నయి అమ్మీ, ఒక్కసారి చెప్తె చాలు" అనేవాడు. అటువంటివాడి చేతిలో ఈ లోపం పడింది. దాన్ని సరిచేయడంలో వాడు కాస్త కసి కూడా కలిపాడు.

ఒకే నంబరుకు ఒకే మాట రెండోసారి పోబోతే ఆపేయాలి, అంతే, ఇదీ వాడి వైద్యం. దానికి తోడు ఒక మెరుగుదల కూడా చేశాడు. ఆపిన మెసేజులు పారేయకుండా ఒక వరుసలో భద్రంగా ఉంటాయి, అడ్డు తీయగానే వాటంతటవే పోతాయి, ఎప్పుడైనా అవసరం పడొచ్చు కదా. ఒకరు రాసింది ఇంకొకరు చూసి సరేనన్నాకే లోపల కలపాలన్నది వాళ్ల నియమం. క్యాథరిన్‌కు ఫోన్ చేశాడు.

"నువ్వు రాసింది చదివిన అవేజ్. గడువేది? నిమిషంల రెండుసార్లు నొక్కితె తప్పు. వారానికి మల్ల పంపితె తప్పెట్లయితది?"

"ఒక్కటే మాట వారానికి మల్ల ఎవడు పంపుతడు క్యాథరిన్? పనిలేకనా?"

"ఎవరన్న పంపచ్చు. నేను చర్చికి పోతున్న. వచ్చెదాక ముట్టకు."

"సరె."

"నేను వచ్చెదాక ముట్టకు."

"ఒక్కసారి చెప్తె సమజైతది నాకు!" అని ఫోన్ పెట్టేశాడు.

ముట్టకుండానే ఉండేవాడేమో. కానీ అప్పుడే ఫిర్యాదు కింద ఇంకో మాట వచ్చి పడింది. ఎవడో, ఎక్కడివాడో, జీవితంలో ఒక్క అక్షరం దిద్దనివాడు, "మీకు చేతకాకపోతే మూసుకుని వేరే పని చూసుకోండి" అని రాశాడు. అవేజ్ చెవులు ఎర్రబడ్డాయి. వైద్యం, మెరుగుదల రెండూ కలిపేసి, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, గెలిచినవాడిలా మెట్లు దిగాడు.

కింద అఖీఖా దావత్ హడావిడి. అవేజ్ కూతురు యుమ్నా పుట్టినందుకు పెడుతున్న విందు. వాకిట్లో షామియానా, దాని వెనక పొయ్యిల మీద దేగులు. ఊళ్లోవాళ్లకు ఇది బిరియానీ తినే ఆదివారం. అవేజ్ తండ్రి ఇబ్రాహీంకు మాత్రం ఈ దావత్‌లో కావలసింది ఒక్కడే మనిషి, భైంసాలో ఉండే అన్న ముకర్రం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ గల్లీలో దావత్‌కు రెండుసార్లు పిలుస్తారు. ముందొకసారి ఫలానా రోజు దావత్ ఉందని చెబుతారు. ఆ రోజు వంట అయ్యాక మళ్లీ ఇంటింటికీ పోయి రమ్మంటారు. రెండోసారి పిలవకపోతే ఎవరూ గడప దాటరు. పిలవని పేరంటానికి పోయినట్టే లెక్క. అవేజ్ పెళ్లయ్యాక వలీమా విందు రోజున ఎదురింటి అంతయ్య సైకిల్ మీద తిరిగి అందరినీ పిలిచాడు. ఒక్క ఇల్లు తప్పింది, గల్లీలోనే ఉన్న ఒక చుట్టాలిల్లు. ఆ ఇంట్లోనే ముకర్రం, పెళ్లాం పిల్లలతో భైంసా నుంచి వచ్చి, అత్తరు పూసుకుని, సాయంత్రం దాకా పిలుపు కోసం కూర్చున్నాడు. ఖాళీ కడుపుతో బస్సెక్కి వెళ్లిపోయాడు. అప్పటినుంచి తమ్ముడి ఫోన్ ఎత్తలేదు. అప్పటినుంచి ఈద్ నాడు ఇబ్రాహీం ఖీర్ గిన్నె పక్కకు జరిపేస్తాడు.

వారం కింద ఇబ్రాహీం తానే భైంసా పోయి అన్న గుమ్మంలో నిలబడ్డాడు. ముకర్రం లోపలికి రమ్మనలేదు. "చెప్పినవ్, విన్న. పిలిచినప్పుడు చూద్దాం" అన్నాడు. ఆ మాత్రానికే ఇబ్రాహీం దారంతా నవ్వుకుంటూ వచ్చాడు. దావత్ రోజు మళ్లీ తానే పోతానని బయల్దేరబోతే కొడుకు అడ్డుపడ్డాడు. తండ్రిని అబ్బా అని, పెదనాన్నను బడే అబ్బా అని అంటాడు వాడు.

"ఇంట్ల దావత్ పెట్టుకొని భైంసా పోతవా అబ్బా? అందరిని పిలిచెతందుకు చౌరస్తాతోని పేజీ చేసిన కదా. పోయిన వారం చెప్పింది అండ్లనుంచే. బడే అబ్బా నంబరు అందరికంటె ముందల పెట్టిన. అమ్మీ బటన్ నొక్కుడే ఆలస్యం."

"పోతదా పక్కా?"

"ఎన్నిసార్లడుగుతవ్ అబ్బా!"

ఇబ్రాహీం వేసుకున్న చెప్పులు విప్పాడు. చౌరస్తాలో ఏ మార్పు చేసినా ఆ పేజీలోకి దానంతటదే వచ్చి చేరేలా అవేజ్ ముందే అమర్చిపెట్టాడు, తన పని మీద అంత నమ్మకం. మెసేజ్ మాటలు ఖుద్సియా చెప్పినవి. అత్తగారి కాలంనుంచి వస్తున్న మాటలే, చెప్పేటప్పుడూ అవే, పిలిచేటప్పుడూ అవే. "ఇబ్రాహీం ఇంట్ల దావత్. ఇంటిల్లిపాది రాండ్రి." దేగుల మూతలు తీయగానే ఆమె బిస్మిల్లా అనుకుని బటన్ నొక్కింది. పోయినట్టు పచ్చ గుర్తు పడింది. ఇంట్లో అందరూ చేతులు కడుక్కుని గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డారు.

ఎవరూ రాలేదు.

నమాజు అయిపోయింది. షామియానా కింద వేసిన కుర్చీల్లో ఒక పిల్లి కూర్చుంది. అవేజ్ వీధిలోకి వచ్చి చూస్తే, గల్లీ మొత్తం ముస్తాబై గుమ్మాల్లో ఉంది. ఎదురింటి మెట్ల మీద అంతయ్య ఇస్త్రీ చొక్కాతో, వాళ్లావిడ లింగవ్వ పట్టుచీరతో కూర్చున్నారు. బిరియానీ వాసన వాళ్ల ముక్కుల మీదుగానే పోతోంది. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

"గిట్ల కూసున్నరేంది? రారా?" అన్నాడు అవేజ్.

"పిలుపు రాలే" అన్నాడు అంతయ్య, వేరే వైపు చూస్తూ.

"వారం కింద మెసేజ్ వచ్చింది కదా!"

"గది చెప్పుడు. చెప్పుడు వేరు, పిలుచుడు వేరు."

"అయితె ఇప్పుడు పిలుస్తున్న, రాండ్రి!"

"గల్లీల నిలవడి కొట్లాటకు పిలిచినట్టు పిలిస్తె వస్తరా ఎవలన్న? అంతయ్య సైకిలొద్దు, మిషిన్‌ల పిలుస్తమంటివి. మిషిన్‌లనే పిలువు." ఇంకా ఆగలేదు. "నాకు ఒక్క ఇల్లు తప్పిందని ఇన్నేండ్లు మాటలు పడ్డ. నీ మిషిన్‌కు ఊరే తప్పింది!"

"ఎండల కూసోవెట్టి వాసన సూపెట్టుడేంది? పగోనికి గూడ చెయ్యరు గిట్ల" అంది లింగవ్వ.

అవేజ్ లోపలికి పరుగెత్తేసరికి అక్కడ ఇంకో ఘోరం జరుగుతోంది. ఎవరూ రావడం లేదని ఖుద్సియా మళ్లీ బటన్ నొక్కింది. పచ్చ గుర్తు. ఇబ్రాహీం ఫోన్ లాక్కుని, తలుపు తీయని ఇంటి ముందు గంట కొట్టినట్టు నొక్కుతూనే ఉన్నాడు. నొక్కినప్పుడల్లా పచ్చ గుర్తు.

"పోతున్నదంటది, ఒక్కడన్న వస్తలేడు! భాయ్‌కు పోయిందారా? గదొక్కటి చెప్పు!"

అవేజ్ పైకి పోయి చూశాడు. ఒక్కటీ పోలేదు. ముకర్రం పేరు అందరికంటే ముందుంది, అందరికంటే ముందు ఆగింది కూడా. వారం కింద పోయిన మాటే మళ్లీ పోబోతోందని, పొద్దున తాను రాసిన కాపలావాడు దాన్ని గుమ్మంలోనే పట్టుకున్నాడు. ఒకే మాట వారానికి మళ్లీ పంపే పనిలేనివాళ్లు ఎవరో కాదు, తన తల్లీ తండ్రీ. ఆ సమయంలోనే చౌరస్తా పేజీ నిండా కొత్త తిట్లు. ఎక్కడో పోర్చుగల్‌లో ఒక పశువుల డాక్టరు, కుక్కకు మందు వేయమని రోజూ పోవలసిన మెసేజ్ పొద్దటినుంచి పోవడం లేదని, కుక్కకు ఏమన్నా అయితే బాధ్యులెవరని అడుగుతున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. చర్చి అయిపోయినట్టుంది.

"ముట్టకన్న కదా!" అంది క్యాథరిన్. "రెండుసార్లు చెప్పిన!"

"తీసేస్తున్న. ఇప్పుడే తీసేస్తున్న."

"ఆగు, ఆగు. వరుసల ఏమేం జమైనయో చూసి..."

అవేజ్ ఆగలేదు. కోపం మీదున్న మనిషికి పక్కవాడి సలహా దోమ మోతలా వినబడుతుంది. కాపలావాణ్ని ఒక్క వేటుతో తీసేశాడు. తీసేసిన మరుక్షణం, పొద్దున తాను మురిసిపోయి చేసిన ఆ మెరుగుదల పని మొదలుపెట్టింది. ఖుద్సియా నొక్కినవి, ఇబ్రాహీం గంట కొట్టినట్టు నొక్కినవి, ఒక్కటీ పోకుండా వరుసలో భద్రంగా ఉన్నాయి. అన్నీ ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి.

మొదటి మెసేజ్‌కు గల్లీ మొత్తం ఒక్కసారిగా లేచింది. అంతయ్య అందరికంటే ముందున్నాడు. కుర్చీలు నిండాయి, పిల్లి పారిపోయింది, విస్తళ్లు పడ్డాయి. ఇబ్రాహీం గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతి మొహంలో అన్న మొహం వెతుకుతున్నాడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేలోపే అందరి జేబుల్లో ఫోన్లు మోగాయి. "ఇబ్రాహీం ఇంట్ల దావత్. ఇంటిల్లిపాది రాండ్రి."

"వచ్చినం కదా! ఈడనే తింటున్నం, కనవడ్తలేమా?" అని కసిరాడు అంతయ్య.

మళ్లీ మోగాయి. మళ్లీ మోగాయి. తింటున్నవాళ్లు చెయ్యి ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నిసార్లు పిలుస్తున్నారంటే అర్థమేమిటి? లింగవ్వ తేల్చేసింది. "వండింది ఎక్కువైనట్టున్నది. మిగిలిపోతున్నది పాపం. నోరు దెరిచి చెప్పలేక గిట్ల పిలుస్తున్నరు." ఆ మాట షామియానా దాటి, గల్లీ దాటి, మార్కెట్ దాకా పోయింది. సాటి మనిషి ఇంట్లో అన్నం పాడవుతుంటే చూస్తూ ఊరుకునే ఊరు కాదు అది. గల్లీవాళ్ల వియ్యంకులు వచ్చారు. వియ్యంకుల ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు వచ్చారు. టిఫిన్ డబ్బాలు వచ్చాయి, మూతలున్న గిన్నెలు వచ్చాయి. కుదురుగా కూర్చుని తినిపోదామని వచ్చిన పెద్దమనుషులకు కూర్చోవడానికి చోటు లేక వాళ్లూ తిట్టడం మొదలుపెట్టారు.

"పిలువంగ పిలువంగ వస్తె నిలవడే తినుమంటరేంది!"

"చెప్పుండ్రి, ఎన్నిసార్లు పిలుస్తరు? ఫోన్ గరమైంది!"

పోర్చుగల్ డాక్టరు ఈసారి ఇంకా పెద్ద అక్షరాల్లో రాశాడు. కుక్క యజమానికి మందు వేయమని ఆగకుండా మెసేజులు వస్తున్నాయట. కుక్క మంచం కింద దూరిందట.

ఖుద్సియా దేగులోకి గరిటె దించితే ఠంగుమని చప్పుడైంది. రెండో దేగులోనూ అదే చప్పుడు. చేతులు కడుక్కున్నవాళ్లు కడుక్కుని, డబ్బాలు నింపుకున్నవాళ్లు నింపుకుని వెళ్లిపోయారు. ఇబ్రాహీం ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"భాయ్ రాలే" అన్నాడు.

అవేజ్ దగ్గరికి వచ్చాడు. "మెసేజ్ పోయింది అబ్బా. చూసిన. చానసార్లు పోయింది."

ఇబ్రాహీం కొడుకు మీద చెయ్యెత్తలేదు. ఎత్తినా బాగుండేదని అవేజ్‌కు అనిపించింది. "భాయ్ తినకపోయినందుకు కాదురా నా కోపం. నేను పోతనంటె ఆపినవ్. నా అన్నను పిలిచెతందుకు నాకు కాళ్లు లెవ్వా? నోరు లేదా? ఊరందరిని మేపి, నా అన్నను మల్ల ఎండగట్టిన! గీ జన్మకు ఇంక నా మొకం చూస్తడా?" చెప్పులు వేసుకున్నాడు. "నేను పోతున్న భైంసాకు."

"నేనొస్త అబ్బా. బండి తీస్త."

"అవసరం లే."

అయినా అవేజ్ వెనకాలే నడిచాడు. గల్లీ మలుపు తిరిగితే వెంకటి చాయ్ హోటల్. ఇబ్రాహీం దాన్ని దాటబోయి ఆగిపోయాడు. మూలబల్ల దగ్గర, షేర్వానీ గుండీలు మెడ దాకా పెట్టుకుని, అత్తరు వాసనతో, మొహం గంటు పెట్టుకుని ముకర్రం కూర్చున్నాడు. ముందర ఖాళీ చాయ్ గ్లాసులు బల్ల నిండా ఉన్నాయి.

"భాయ్! ఎప్పుడచ్చినవ్?"

"పొద్దుగాల."

"పొద్దటి సంది గీడ్నే ఉన్నవా?"

"నీ ఇంటికి రాలే. చాయ్ తాగనీకి వచ్చిన."

"భైంసాల చాయ్ దొరుకదా?"

"దొరుకుతది. ఇంత పాడుగ ఉండది" అన్నాడు ముకర్రం. వెంకటి వినీ విననట్టు గ్లాసులు కడుక్కున్నాడు.

అవేజ్ ఆగలేకపోయాడు. "బడే అబ్బా, మెసేజ్ రాలేదా మీకు?"

ముకర్రం ఫోన్ తీసి బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు. "వచ్చినయి! ఒకటా రెండా! చెవులు పోయినయి. గా మాటలే గీ వెంకటికి వచ్చినయి, పక్కబల్లోనికి వచ్చినయి. వెంకటి హోటల్ నాకు అప్పజెప్పి తిని గూడ వచ్చిండు. అండ్ల నా పేరేది? అండ్ల నా తమ్ముని గొంతేది? వంద గంటలు కొడితె వస్తనా? నేను మనిషినా, ఫైరింజన్నా?" అప్పుడు తమ్ముడి వైపు తిరిగాడు. కోపం అదే కోపం, గొంతు మాత్రం తగ్గింది. "నువ్వు పిలిస్తె, భైంసా నుంచి వచ్చెసరికి అన్నం సల్లారుతదని, ముందుగాలనే వచ్చి కూసున్న. గీ మలుపుకాడ కూసున్న. నువ్వు రాలే."

ఇబ్రాహీం కళ్లు తుడుచుకుని, ఆ బల్ల ముందు నిలబడ్డాడు.

"భాయ్, మా ఇంట్ల దావత్. అన్నానికి రా."

ముకర్రం కదల్లేదు. "గిది చెప్పుడా, పిలుచుడా?"

"చెప్పుడు!" అని అరిచాడు ఇబ్రాహీం, ఇన్నేళ్ల కోపం ఒక్కసారే పొంగి. "గిప్పుడు పిలుస్తున్న, విను! భాయ్, మా ఇంట్ల దావత్. అన్నానికి రా!"

అవే మాటలు. అక్షరం తేడా లేదు. అవేజ్‌కు మొదటిసారి ఒళ్లు మండలేదు. ముకర్రం లేచాడు, షేర్వానీ దులుపుకున్నాడు, "అరువకు, వస్తున్న" అంటూ తమ్ముడి భుజం పట్టుకుని నడిచాడు.

ఇంటికొచ్చాక చూస్తే పెట్టడానికి మెతుకు లేదు. ఖుద్సియా సిగ్గుతో తలెత్తలేక, దేగు అడుగున అంటుకున్న మాడు గీరి ఒక పళ్లెంలో తెచ్చింది. ముకర్రం పళ్లెం ముందుకు లాక్కున్నాడు.

"చిన్నగున్నప్పుడు మాడంత నువ్వే గీకి తింటుంటివి. అమ్మీకి చెప్తె నన్నే తిట్టేది. ఇయ్యాల ఒక్క ముక్క ఇయ్య నీకు."

"జర ఇయ్యి భాయ్."

"ఇయ్య."

"జర ఇయ్యి."

రెండోసారికి పళ్లెం కొంచెం జరిగింది.

లోపలినుంచి పాప ఏడ్చింది. అవేజ్ అలవాటుగా "ఏడ్చింది కదా, విన్నం" అనబోయాడు. అతని భార్య మహెక్ పాపను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. పొద్దటినుంచి ఆ ఇంట్లో కోపం తెచ్చుకోని మనిషి ఆమె ఒక్కతే. "ఒక్కసారి ఏడిస్తె ఈ ఇంట్ల ఎవరు వచ్చిండ్రు? అందుకే మల్ల ఏడుస్తున్నది" అంది. అవేజ్ పాపను భుజానేసుకుని పైకి పోయి, క్యాథరిన్ మొదట చెప్పినట్టే గడువు పెట్టి రాశాడు. నిమిషంలో రెండోసారి అయితే ఆపు, తర్వాతైతే పోనియ్యి. ఆమె చూసి సరే అంది. మళ్లీ చూసి మళ్లీ సరే అంది. అప్పుడు కలిపాడు.

ఆ సాయంత్రం చౌరస్తా కొత్త వెర్షన్ వచ్చింది. ఏం మార్చారో చెప్పే చోట ఎప్పటిలాగే "కొన్ని లోపాల సవరణలు, కొన్ని మెరుగుదలలు" అని ఉంది, అదీ రెండుసార్లు, కానీ దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.